గోదారి నీళ్లు గోరువెచ్చగా ఉంటే దిగిపోవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్ నుంచి బదిలీ మీద రాజమహేంద్రవరం వచ్చి ఏడు నెలలైంది. మా అబ్బాయికి పదిహేనేళ్లు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్చుకున్నాడు. ఆగకుండా ఇరవై సార్లు అటూ ఇటూ తిరిగేస్తాడు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి గోదావరిలో ఈత కొడతానని ఒకటే గొడవ. ఫోన్‌లో ఎక్కడో చూసి, "నీళ్లు ఏడాదంతా 28 డిగ్రీల దగ్గరే ఉంటాయమ్మా, పూల్ కూడా అంతే, ఎప్పుడైనా దిగొచ్చు" అంటున్నాడు. మావారిది కొవ్వూరు పక్కన పల్లె. "మేమంతా ఈ నీళ్లలోనే పెరిగాం, ఏం కాదులే" అంటారు. నాకు ఈత రాదు. మొన్న సంక్రాంతికి ఘాట్‌కి వెళ్తే వాడు మెట్లు దిగుతుంటేనే నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అసలు ఏ నెలలో నీళ్లు ఎలా ఉంటాయి? వాణ్ణి ఎప్పుడు దింపొచ్చు, ఎప్పుడు దింపకూడదు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన అంకె తప్పు కాదు. ముందు ఆ మాట వాడికి చెప్పండి, మిగతాది వింటాడు. గోదావరి నీళ్లు మన దగ్గర పుష్య మాసపు తెల్లవారుజామున సుమారు 22, 23 డిగ్రీల దాకా దిగుతాయి. ముదురు వేసవిలో 32 దాకా ఎక్కుతాయి. మిగతా రోజులన్నీ దాదాపు 26, 29 మధ్యే. ఈత పోటీలు జరిగే పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. థర్మామీటరు ఒక్కటే చూస్తే మన నది సగం ఏడాది పోటీలకు సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ నీళ్లు ఒంటికి ఎంతో హాయిగా తగిలే నెలలు జులై, ఆగస్టు, సెప్టెంబరు. ఎండ తగ్గి ఉంటుంది, నీళ్లు 28 దగ్గర ఉంటాయి, కాలు పెడితే తియ్యబుద్ధి కాదు. గోదావరి అన్నిటికన్నా ప్రమాదంగా ఉండేదీ ఆ మూడు నెలలే. హిమాలయాల్లో నదులైతే చల్లదనంతోనే ముందు హెచ్చరిస్తాయి. రిషీకేశ్ వెళ్లిన మనవాళ్లు గంగలో ఒక్క మునక వేసి ఊపిరి బిగబట్టుకుని గట్టెక్కేస్తారు. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే మనకు తెలియకుండానే నోరు తెరుచుకుని గుటుక్కున ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే ఎంత ఈతగాడికైనా కష్టమే. గోదావరిలో ఆ భయం లేదు. అందుకే ఇక్కడ ఒళ్లు చెప్పేది నమ్మకూడదు. నీళ్లు బాగున్నాయని ఒళ్లు చెబుతుంది, వడి ఎంతుందో చెప్పదు.

కాబట్టి ఏ నెల అని అడిగే ముందు గేట్ల సంగతి అడగండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీకి నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అన్నీ కలిపి 175 గేట్లు. మీ ఊరు ఆ బ్యారేజీకి సరిగ్గా పైన ఉంది. గేట్లన్నీ దించి, నీళ్లు డెల్టా కాలవలకు మాత్రమే వెళ్తున్న రోజుల్లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఇంచుమించు పెద్ద చెరువు. గేట్లు ఎత్తి సముద్రంలోకి వదులుతున్నారంటే అదే చోట అదే నీరు నడుస్తోందన్నమాట. ఎన్ని క్యూసెక్కులు వదిలారో వరద రోజుల్లో పేపర్లో రోజూ వేస్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు దిగువకు వెళ్లేది సుమారు 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లు. ఆ హెచ్చరిక లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీద, ఉన్నవాళ్లు సామాన్లు సర్దుకోవడానికి ఇచ్చేది. ఈతకి అంతదాకా ఆగకూడదు. పిల్లలకి ఈత నేర్పినన్నాళ్లూ నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: సముద్రంలోకి ఒక్క గేటు ఎత్తినా ఆ రోజు నదిలో ఈత లేదు. ఎండ కాస్తున్నా లేదు, నీళ్లు తేటగా ఉన్నా లేదు.

ఊళ్లో వాన లేకపోయినా నది పొంగుతుంది. ఈ సంగతి మీ అబ్బాయికి బాగా అర్థమయ్యేలా చెప్పాలి. మన గోదావరికి వరద తెచ్చేది మన వాన కాదు. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి, ఒడిశా వైపు నుంచి శబరి. ఆ కొండల్లో రెండు రోజులు గట్టిగా కురిస్తే ముందు భద్రాచలం దగ్గర పెరుగుతుంది, ఆ తర్వాత దాదాపు ఒక రోజుకి మన దగ్గర. అందుకే వానాకాలంలో భద్రాచలం నీటిమట్టం చూడటం అలవాటు చేసుకోండి, అక్కడ 43 అడుగులు మొదటి హెచ్చరిక. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది, 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది. ఆ రెండేళ్లలో మీ ఊరి ఘాట్‌ల పరిస్థితి ఏమిటో మీ వారినే చెప్పమనండి. వాళ్ల పల్లెలో గుర్తులు ఇంకా ఉంటాయి.

పై నుంచి వదిలిన నీళ్లు ఏం చేస్తాయో తెలుగువాళ్లం 2014 జూన్ 8న చూశాం. హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతుండగా, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లొచ్చి తీసుకుపోయాయి. వాళ్లు దిగేటప్పుడు నీళ్లు తక్కువగానే ఉన్నాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని టీవీలో చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. మీ వాడికి ఊహ తెలియని వయసులో జరిగింది, వాడికి తెలిసుండదు. కూర్చోబెట్టి చెప్పండి.

ఆషాఢంలో ఎర్రనీళ్లు దిగుతాయి. అవి రాగానే మోచేతి వరకు నీళ్లలో పెట్టి చూడమనండి, వేళ్లు కనపడవు. కింద ఏముందో, పక్కన ఏం కొట్టుకొస్తోందో తెలీదు. కొండల నుంచి దుంగలు, చెట్ల వేర్లు నీటి అడుగున్నే వస్తాయి. పైకి నీళ్లు మాత్రం నున్నగా, బరువుగా, చప్పుడు లేకుండా నడుస్తుంటాయి. నది ఒడ్డున పుట్టినవాళ్లు ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడతారు. ఆ నెలల్లో ఇంకొకటి, పేరుకుపోయిన చెత్తంతా, మురుగంతా మొదటి వరదకే నదిలోకి వస్తుంది. అప్పుడు స్నానం చేసినా నీళ్లు నోట్లోకి పోనివ్వకూడదు.

ఇక వడి ఎలా కొలవాలంటారా? దానికి పరికరం అక్కర్లేదు. ఒడ్డు వెంట పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పైగుర్తుకి ఎదురుగా, కాస్త లోపలికి పడేలా ఒక పుల్ల విసరండి. అది రెండో గుర్తుకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పూల్‌లో బాగా ఈదే పిల్లాడు 25 మీటర్లకి 35 సెకన్ల దాకా తీసుకుంటాడు. అంటే సెకనుకి ముప్పావు మీటరు కన్నా తక్కువ. మీ పుల్ల పది మీటర్లని ఇరవై సెకన్ల లోపు దాటేసిందంటే, వాడి బలంలో చాలా భాగం ఉన్నచోట ఉండటానికే సరిపోతుంది. అలాంటప్పుడు దింపొద్దు. పది సెకన్లలో దాటేసిందంటే వాడు ఎంత కొట్టినా వెనక్కే పోతాడు. ప్రపంచ స్థాయి ఈతగాళ్లు వంద మీటర్ల పోటీలో సెకనుకి రెండు మీటర్లు పోతారు, అదీ ఒక నిమిషం లోపే. వరద గోదావరితో వాళ్లు కూడా పోటీ పడలేరు.

చాలా ఏళ్లలో కార్తీకం వచ్చేసరికి నది తేరుకుంటుంది. కొన్నేళ్లు అక్టోబరులో తుపాను వానలకి మళ్లీ గేట్లు ఎత్తుతారు, కాబట్టి కార్తీకం అనగానే నిశ్చింత అనుకోకండి. దీపాలు వదిలే రోజుల్లో ఘాట్ మెట్ల మీద నూనె, పాచి, అరటి దొప్పలు. ఆ రద్దీలో ఈత ఎలాగూ కుదరదు.

మార్గశిరం, పుష్యం చలికాలం. అప్పుడు గోదావరిని చూడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. గాలి 17, 18 డిగ్రీలుంటుంది, నీళ్లు 23. నీటి మీద ఆవిరి లేచి పొగలా నడుస్తుంటుంది. మెట్టు దిగి కాలు పెడితే ఎవరో కాచి పోసినట్టు వెచ్చగా తగులుతుంది. నీళ్లు వేడెక్కినా చల్లబడినా గాలి కన్నా చాలా నెమ్మది, అందుకే ఈ తేడా. అయితే ఆ వెచ్చదనం మొదటి పది నిమిషాలదే. నీళ్లు గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. 23 డిగ్రీల గదిలో చొక్కా లేకుండా గంటసేపు కూర్చోగలం, 23 డిగ్రీల నీళ్లలో బక్కపల్చటి పిల్లాడు అరగంటకే వణుకుతాడు. పెదాలు నీలంగా మారాయా, మాట తడబడుతోందా, వేళ్లు దగ్గరికి రావడం లేదా అని ఒడ్డు మీద నుంచి చూస్తూ ఉండండి. వణుకు మొదలయ్యాక "ఇంకొక్కసారి" అంటే ఒప్పుకోవద్దు. బయటికొచ్చాక తడి ఒంటికి గాలి తగిలి ఇంకా చలి వేస్తుంది. అందుకే టవల్ గట్టు మీదే చేతిలో పట్టుకుని ఉండాలి, కారులో పెట్టి రాకూడదు. నదుల్లో, సముద్రంలో జరిగే పోటీలకి 16 డిగ్రీల నీళ్లలో కూడా దిగనిస్తారు, కానీ వాళ్లు నెలల తరబడి అలవాటు పడినవాళ్లు. మనవాళ్లకి ఆ అలవాటు లేదు.

వేసవి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలకి సెలవులు అప్పుడే. చలి గురించి అందరూ జాగ్రత్త చెబుతారు, వేడి నీళ్ల గురించి ఎవరూ చెప్పరు. మే నెలలో రెండు గంటలప్పుడు లంక ఒడ్డున మోకాలి లోతు నీళ్లు పట్టుకుంటే పొయ్యి మీద పెట్టి దించినట్టు ఉంటాయి. లోతుకి వెళ్తే పైజానెడు వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా, ఒకే మనిషికి రెండు వాతావరణాలు. ఈదేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చుట్టూ నీళ్లు చల్లగా ఉండాలి. 31, 32 డిగ్రీల నీళ్లలో అది పోదు. చెమట పడుతుంది గానీ నీళ్లలో ఉన్నాం కాబట్టి పట్టినట్టే తెలియదు, దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మే నెలలో మధ్యాహ్నం భోజనం చేసి ముగ్గురం ఎదురుగా ఉన్న లంకకి ఈదాం. వెళ్లేటప్పుడు ఏమీ అనిపించలేదు. కాలే ఇసుకలో కాసేపు తిరిగి వెనక్కి బయల్దేరాం. సగం దూరంలో చెవుల్లో హోరు మొదలైంది, ఒడ్డున ఉన్న చెట్లు రెండుగా కనిపించాయి, కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుంది. వెల్లకిలా తిరిగి తేలడం మా నాన్న చిన్నప్పుడే నేర్పారు కాబట్టి తేలుతూ అరిచాను. వల తీస్తున్న ఒకాయన నావ తిప్పి వచ్చి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆయన ఆ రోజు ఆ వైపు లేకపోతే ఈ జవాబు రాసేవాళ్లు లేరు. అప్పట్లో అది పిక్క పట్టేయడం అనే అనుకున్నాను. ఎండదెబ్బ అని చాలా ఏళ్లకి తెలిసింది.

2010 అక్టోబరులో ఫుజైరాలో 10 కిలోమీటర్ల సముద్రపు ఈత పోటీ జరిగింది. అందులో ఫ్రాన్ క్రిపెన్ అనే 26 ఏళ్ల అమెరికన్ ఈతగాడు వేడి నీళ్లలో ఈదుతూనే ప్రాణాలు కోల్పోయాడు. ప్రపంచంలోనే మేటి ఈతగాళ్లలో ఒకడు. ఆ తర్వాతే పోటీల్లో నీళ్లు 31 డిగ్రీలు దాటకూడదని పరిమితి పెట్టారు. మే నెల మధ్యాహ్నం మన గోదావరి ఆ పరిమితి దాటేస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈత అంటే పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకే. దిగే ముందు మజ్జిగో మంచినీళ్లో రెండు గ్లాసులు తాగించండి. మధ్యాహ్నం ఎంత బతిమాలినా వద్దు.

వేసవిలో ఇంకో గండం గోతులు. నీరు తగ్గితే ఇసుక బయటపడుతుంది, చూడ్డానికి మెరకగా, నడవడానికి అనువుగా ఉంటుంది. కానీ ఇసుక తవ్విన చోట అడుగున గొయ్యి ఉంటుంది. నడుము లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగుకి మునిగిపోతాడు. తడి ఇసుక అంచు కాలికింద జారిపోతుంది కాబట్టి వెనక్కి ఎక్కలేడు. నదుల్లో పోయే పిల్లల్లో ఈదుతూ పోయినవాళ్ల కన్నా ఇలా నడుస్తూ నడుస్తూ పోయినవాళ్లే నాకు ఎక్కువ గుర్తున్నారు. వంతెన స్తంభాల దగ్గరా అంతే. నీరు స్తంభానికి కొట్టుకుని సుడి తిరిగి చుట్టూ ఇసుకని తవ్వేస్తుంది. బ్యారేజీ దరిదాపులకి పైనా వద్దు, కిందా వద్దు. గేటు కింద నుంచి పడ్డ నీరు తిరగబడి వెనక్కే లాగుతుంటుంది. అందులో పడ్డ దుంగ గంటల తరబడి అక్కడే తిరుగుతుంది, మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

మీ వారు చెప్పింది అబద్ధం కాదమ్మా. ఆయన చిన్నప్పుడు ఏ రేవులో ఎంత లోతో ఊరందరికీ తెలుసు, పెద్దవాళ్లు గట్టు మీద బట్టలుతుకుతూనో పశువుల్ని కడుగుతూనో ఉండేవారు, ఒక కన్ను పిల్లల మీదే ఉండేది. సొరకాయ బుర్రలు కట్టుకుని మొదలుపెట్టి ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఇప్పుడు ఇసుక మట్టం ఏటా మారిపోతోంది, గట్టు మీద ఆ కళ్లు లేవు. ఆయన ఈత మర్చిపోయి ఉండరు గానీ ఊపిరి అప్పటిది కాదు. పిల్లాడికి తోడుగా ఆయన్నీ దిగమనండి, కానీ పూల్‌లో ఒక నెల ఒళ్లు సర్దుకున్నాక.

అబ్బాయి ఇరవై సార్లు తిరగడం గురించి. అపార్ట్‌మెంట్ పూల్ చాలాచోట్ల పది, పదిహేను మీటర్లే. ప్రతిసారీ గోడని తన్నుకుని వెనక్కి తిరుగుతాడు, ఆ తన్నుడికే మూడు నాలుగు మీటర్లు పోతాడు. నదిలో గోడ లేదు. అలిసిపోతే పట్టుకోవడానికి అంచు లేదు. ముందు వాడు పూల్‌లో గోడ తాకకుండా, మధ్యలోనే మలుపు తిరుగుతూ 200 మీటర్లు ఈదాలి. ఆ వెంటనే ఎక్కడా కాలు ఆనించకుండా పది నిమిషాలు వెల్లకిలా తేలాలి. ఆ తేలడమే నదిలో ప్రాణం నిలబెట్టేది. వడిలో చిక్కుకుంటే ఎదురీదకూడదని, వెల్లకిలా తిరిగి పాదాలు దిగువ వైపు పెట్టి తేలుతూ, ఊపిరి కుదురుకున్నాక ఏటవాలుగా ఒడ్డుకి చేరాలని వాడితో పదిసార్లు అనిపించండి. దిగిన చోటే ఎక్కాలనే పట్టుదల వద్దు, అర కిలోమీటరు కిందికెళ్లి ఎక్కినా ఎక్కినట్టే.

మీకు ఈత రాదన్నారు కాబట్టి మీకొక మాట. ఎవరైనా మునుగుతున్నట్టు కనిపిస్తే మీరు మాత్రం దిగకండి. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఈ నది ఒడ్డున చాలా ఉన్నాయి. చున్నీ విసరండి, చీర కొంగు విసరండి. మీ కారులో ఒక తాడు, మూత గట్టిగా బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల టిన్ను ఎప్పుడూ ఉంచండి. దాన్ని పట్టుకుంటే పెద్ద మనిషి కూడా తేలతాడు. అరిచి పడవ వాళ్లని పిలవండి, 112కి చేయమని పక్కవాళ్లకి చెప్పండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం వద్దు, దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెంటనే ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి. ఇది ఒక పూటలో నేర్చుకోవచ్చు. వాడికన్నా ముందు మీరు నేర్చుకోండి, మీ టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది.

మీరు అడిగిన "ఎప్పుడు" అన్నదానికి ఇప్పుడు చెబుతాను. మీ ఉత్తరం సంక్రాంతి అయ్యాక రాశారు కాబట్టి సమయం సరిగ్గానే ఉంది. మాఘం సగం నుంచి మార్చి చివరి దాకా, అంటే ఫిబ్రవరి రెండో వారం మొదలు, గోదావరి మన వైపు ఏడాదిలో ఈతకి మెరుగ్గా ఉండే రోజులు. చాలా ఏళ్లు అప్పుడు గేట్లు దించే ఉంటాయి, నీళ్లు తేటగా ఉంటాయి, 25 నుంచి 28 డిగ్రీలు. వాడికి పూల్ పరీక్ష పెట్టడానికి ఈలోపు మూడు వారాలుంటాయి.

మొదటి ఆదివారం మాత్రం ఈత వద్దు. ముగ్గురూ కలిసి పొద్దున్న ఘాట్‌కి వెళ్లి పుల్లలు విసిరి లెక్క రాసుకోండి. అక్కడ వల వేసేవాళ్లని, పడవ నడిపేవాళ్లని, "ఇవాళ ఇసుక ఎందాకా ఉంది, ఎక్కడ దింపొచ్చు" అని అడగండి. మురుగు కాలవ కలిసే చోటికి దిగువన కాకుండా ఎగువన చూసుకోండి. ఆ పడవాయనకే కూలి మాట్లాడుకుని, ఆ తర్వాతి ఆదివారం ఏడున్నరకి వాడి పక్కనే పడవ ఉండేలా చూడండి. వాడికి లైఫ్ జాకెట్ వేసి, ఒడ్డు వెంటే, గట్టుకి సమాంతరంగా, పది నిమిషాలు. నది అడ్డంగా దాటడం ఈ ఏడాది మాటే ఎత్తనివ్వకండి. పొడి చొక్కా, టవల్, ఫ్లాస్కులో వేడి పాలు మీ ఒళ్లోనే ఉంచుకోండి. మీరు కూర్చునేది మాత్రం పాచి పట్టని పై మెట్టు మీద.